మా ఇంటి నీరుపిల్లి ఉపవాసం

మా బంధువుల్లో ఏ పెళ్ళి జరిగినా, భోజనాలయ్యాక తాంబూలాల దగ్గర కూర్చుని ఎవరో ఒకరు మా ఇంటి నీరుపిల్లి సంగతి ఎత్తుతారు. కొల్లేటిలో పుట్టిన జంతువట, చేపలు తిని బతికే పుట్టుకట, మా మామగారి చేతి పెరుగన్నం తిని మారిపోయిందట. ఏకాదశులు చేసేదట. చివరి రోజున నోటి ముందు చేప పెట్టినా తినకుండా, ఆయన పాదాల దగ్గరే ప్రాణం వదిలిందట. వినేవాళ్ళు లెంపలు వేసుకుంటారు. చెప్పేవాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి. మా వంశం గొప్పతనం అలా ఇంకో పెళ్ళి దాకా నిలుస్తుంది.

దానికి రోజూ అన్నం కలిపి పెట్టిన చేయి నాది. ఆ చివరి రోజున అక్కడ ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ, మా ఆడపడుచూ. ఆవిడ ఆ సంగతి మీద నోరు విప్పదు. అందుకని నాకు వచ్చిన రెండో తరగతి చదువుతోనే, చెల్లిపోయిన కేలండరు కాగితాల వెనక రాసిపెడుతున్నాను. కొత్త కాగితం ఖర్చు చేయడం నాకు ఇష్టం లేదు. రాస్తే ఏదో బాగుపడుతుందని కూడా అనుకోవడం లేదు.

అవి ముప్పైల నాటి రోజులు. నాది తాడేపల్లిగూడెం. ఏలూరు కోడలిగా వచ్చాను. నేను వచ్చేసరికి అత్తగారు పోయారు. నా భర్తకేమో మా పుట్టింటి ఊళ్ళోనే బడిపంతులు ఉద్యోగం. వారమంతా ఆయన అక్కడ, నేను ఇక్కడ. శనివారం సాయంత్రం పాసింజరులో వచ్చి, సోమవారం తెల్లవారకుండానే వెళ్ళిపోయేవారు. ఇంట్లో ఉండేది మామగారు, ఎనిమిదేళ్ళ ఆడపడుచు, నేను. వంటిల్లు, మడి, పాలు, పెరుగు, పిల్ల జడ, అన్నీ నా చేతి కిందే.

మామగారిది పౌరోహిత్యం. ఊళ్ళోనూ, పెదపాడు వైపు పల్లెల్లోనూ, కొల్లేటి లంకల్లోనూ ఆయనే పంతులుగారు. గట్టిగా మాట్లాడి ఎరగరు. బండివాడిని కూడా మీరు అనేవారు. చీమలబారు అడ్డొస్తే కాలు ఎత్తి ఆగిపోయేవారు. ఆయన చెడ్డవారని చెప్పడానికి ఇది రాయడం లేదు. చెడ్డవారై ఉంటే ఆ నీరుపిల్లి పిల్లని ఇంటికి తెచ్చేవారే కాదు.

లంకలో ఒక చేపలు పట్టేవాళ్ళింట పెళ్ళి చేయించడానికి వెళ్ళారు. తెల్లవారుజామున వలలు చింపేసిందని తల్లి నీరుపిల్లిని గట్టు మీద కొట్టి చంపారు. దాని పిల్ల కిక్కిస గడ్డి దుబ్బుల్లో ఈల వేసినట్టు ఏడుస్తోంది. పెళ్ళి అయ్యాక పెళ్ళికూతురి తండ్రి స్వయంపాకం బియ్యం, కూరలు ఎదుట పెట్టి, దక్షిణ ఏం కోరుకుంటారో చెప్పమన్నాడట. ఈయన దక్షిణ వద్దని, ఆ ఏడ్చే ప్రాణాన్ని ఇమ్మన్నారట. అతను నవ్వాడట. పెద్దదైతే మీ ఇంట్లో ఉండదు పంతులుగారూ అన్నాడట. ఈయన వినిపించుకోలేదు. బియ్యం మూట ఒక చేత్తో, తాటాకు బుట్టలో దాన్ని ఒక చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చారు.

లంకల్లో దాన్ని నీటికుక్క అంటారు. కుక్క అయితే మా గడప దాటకూడదు. మామగారు నీరుపిల్లి అన్నారు, అది లోపలికి వచ్చింది.

బుట్టలోకి తొంగిచూస్తే తడిసిన గుడ్డపేలికలా ఉంది. మా ఆడపడుచు అప్పుడే దాన్ని ఎత్తి తన పాత పరికిణీలో చుట్టింది. మామగారితో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ నిలబడినట్టే తలుపు చాటున నిలబడి, నేను ఒక్క మాట అడిగాను. "పెద్దదయ్యాక ఏం తింటుందండీ?"

"మనం తినేదే తింటుందమ్మా," అన్నారు.

అంతే. అంతకు మించి ఆలోచన జరగలేదు ఆ ఇంట్లో.

పాలు తాగినన్నాళ్ళు బాగానే ఉంది. పాల విషయంలో నేను ఎంత బిగిగా ఉంటానో మా వాళ్ళందరికీ తెలుసు, అయినా పసిదానికి తక్కువ చేయలేదు. దూది వత్తితో పట్టాను. నెలలు గడిచేసరికి నున్నగా, గోధుమరంగున, నూనె రాసినట్టు మెరుస్తూ తయారైంది. మా ఆడపడుచు గచ్చకాయలు ఆడుతుంటే ఎదురుగా వెల్లకిలా పడుకుని, రెండు కాయలు లాక్కుని, ముందరి కాళ్ళతో పైకి ఎగరేసి పట్టుకునేది. ఒక్కటి కింద పడనిచ్చేది కాదు. పిల్ల ఓడిపోయి ఏడ్చేది. మామగారు జపం చేసుకుంటుంటే ఆయన పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేది. అమ్మలేని పిల్లకి అది తోడు. అది ఆ పిల్లని చూసి నవ్వేదంటే నమ్మరు, నేనూ చెప్పను.

పాలు మాని అన్నానికి వచ్చాక నేనే రోజూ మధ్యాహ్నం ఇత్తడి పళ్ళెంలో పెరుగన్నం మెత్తగా కలిపి, పెరట్లో పెట్టి "తిను" అనేదాన్ని. తినేది. ఆకలికి ఏదైనా తింటుంది. ఏకాదశి రోజున ఇంట్లో వంట ఉండదు కాబట్టి దానికీ పాలు మాత్రమే దక్కేవి. అది ఏకాదశి చేసిందన్న మాట అక్కడ పుట్టింది. పొయ్యి వెలగని రోజు అది ఉపవాసం ఉంది, అంతే.

చూడటానికి జనం వచ్చేవారు. చేపలు తినేది పెరుగన్నం తింటోందని విని, బండ్లు కట్టుకుని దెందులూరు నుంచి కూడా వచ్చారు. మామగారికి మొదట్లో మొహమాటంగా ఉండేది. తర్వాత్తర్వాత ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. వ్రతం చేయించిన చోటల్లా, ప్రసాదం పంచేముందు, సహవాసం వల్ల పుట్టుక బుద్ధి ఎలా మారుతుందో చెప్పి దీన్ని దృష్టాంతం చూపించేవారు. ఎదురింటావిడ నూతి దగ్గర నన్ను పట్టుకుని, "మీ మామగారు దానికి సంధ్యావందనం ఎప్పుడు నేర్పుతారో కనుక్కోవే," అని ఏడిపించేది. నాకూ నవ్వొచ్చేది.

ఆయన పొద్దున్నే కాలవ స్నానానికి వెళ్ళేవారు. దాన్నీ తీసుకెళ్ళేవారు, మెడకి మెత్తటి గుడ్డతాడు కట్టి. నీళ్ళు చూస్తే దానికి పిచ్చి ఆనందం. కార్తీక మాసంలో ఒక రోజు మెట్ల నిండా స్నానాలకు వచ్చినవాళ్ళు. అది మునిగి, పైకి వస్తూ నోట్లో తళతళమనే పరిగె చేపపిల్లని పట్టుకొచ్చింది. మెట్టు మీద కూర్చుని తల కొరకబోయింది. అందరూ నవ్వారు. ఎవరో, "పంతులుగారి శిష్యురాలు పారణ చేస్తోందండోయ్," అన్నారు.

మామగారి మొహం ఎలా అయిందో, వెంట వెళ్ళిన మా ఆడపడుచు తర్వాత నాకు చెప్పింది. కోపం లేదట. తిట్టలేదట. ఉత్తరీయం కొంగు వేలికి చుట్టుకుని, దాని నోరు విప్పి, చేపని తీసి నీళ్ళలో వదిలేశారు. అది కరవలేదు. ఇంటికి తెచ్చి, ప్రాయశ్చిత్తమని పంచగవ్యం దాని నోట్లో పోశారు. ఆ రోజు అన్నం పెట్టవద్దన్నారు.

ఆ తర్వాత కూడా అది పట్టింది, ఆయన తీశారు. తీసినప్పుడల్లా రొండిన దోపుకున్న చిన్న మూటలోంచి పటికబెల్లం పలుకు ఇచ్చి, తల నిమిరేవారు. ఇలా కొన్నాళ్ళు జరిగాక అదే నేర్చుకుంది. చేపని పట్టేది. కొరకకుండా తెచ్చి ఆయన పాదాల దగ్గర పెట్టేది. పెట్టి, తల ఎత్తి ఆయన కళ్ళలోకి చూసేది. ఆయన కాలితో చేపని నీళ్ళలోకి నెట్టి పటికబెల్లం ఇచ్చేవారు. రేవులో వాళ్ళు ఇక నవ్వలేదు. చేతులు జోడించారు. నేను ఒకసారి పిల్లని తీసుకురావడానికి వెళ్ళి ఇది కళ్ళారా చూశాను. నాకు ఒళ్ళు జలదరించింది. భక్తితో కాదు. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాను.

ఆ చలికాలం దాటేసరికి దాని ఒంటి మెరుపు పోయింది. బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడి నా చీపురుకి వచ్చేది. కళ్ళ చివర పుసులు కట్టేవి. గచ్చకాయ ఎగరేస్తే మొహం మీద పడేది. మాఘం వెళ్ళాక వెనక కాళ్ళు తడబడటం మొదలైంది. మామగారు నెయ్యి ఎక్కువ వెయ్యమన్నారు. వేశాను. ఊళ్ళో వైద్యుడి లేహ్యం తెచ్చారు. తేనెలో రంగరించి నాకించాను. కాలవకి నడవలేకపోతోంది కనక నూతి దగ్గర రాతి తొట్టిలో నీళ్ళు నింపాం. అది ఆ తొట్టిలో తిరగడానికి చోటు లేక, గోడకి మూతి ఆనించి నిలబడేది.

మా ఆడపడుచు ఒక రోజు నా కొంగు పట్టుకుని మెల్లిగా అడిగింది. "వదినా, దానికి చేప పెడితే బతుకుతుంది కదూ?"

పిల్లకి తెలిసింది. నాకు తెలుసు. మామగారికి తెలియదని నేను అనుకోను. ఆ సాయంత్రం తలుపు చాటు నుంచే చెప్పాను.

"మామయ్యగారూ, దాని తిండి దానికి పెట్టాలండి."

ఆయన తలుపు వైపు తిరిగారు. "ఈ ఇంట్లోనా అమ్మా?"

"ఇంట్లో వద్దండి. వీధి అవతల ఎవరిచేతనైనా పెట్టిద్దామండి."

"అక్కడ తిని ఇక్కడికి వచ్చి పడుకోవాలి కదమ్మా. ఇన్నాళ్ళూ నలుగురికీ నేను చెప్పిన మాటో?"

"పోనీ కొల్లేటికే పంపేద్దామండి."

"చంపేస్తారమ్మా అక్కడ. వాళ్ళ అమ్మని చంపిన చోటు."

పంపితే చంపుతారు. ఉంచితే చస్తుంది. ఇంకో సంగతి కూడా ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నా వంటింటి గడపలోకి చేప వస్తే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఇవాళ కూడా ఒప్పుకోను. అది మా ఆచారం, దాన్ని గురించి నాకు సిగ్గు లేదు. కానీ మన ఇంట్లో ఏ తిండి దొరకదో ఆ తిండికి పుట్టినదాన్ని మన ఇంట్లో కట్టేసుకోకూడదు. జాలి పడితే పడవచ్చు. చంపవద్దని కాళ్ళా వేళ్ళా పడవచ్చు. ఎత్తుకొచ్చి మన పళ్ళెం ముందు కూర్చోబెట్టి, తింటే మెచ్చుకుని, అది మనలా అయిందని నలుగురికీ చూపించడం జాలి కాదు. దానికి నాకు పేరు తెలియదు. రెండో తరగతిలో చెప్పలేదు.

నా భర్త శనివారాలు వచ్చి చూసేవారు. నాన్నగారి ఎదుట ఎన్నడూ మాట్లాడి ఎరగరు, అప్పుడూ మాట్లాడలేదు.

ఆషాఢం మొదట్లో ఒక పొద్దున్న మామగారు పూజలో ఉన్నారు. అది పెరట్లోంచి వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ, గడప మీద కాసేపు ఆగి, పూజగది దాకా వచ్చి ఆయన పాదం మీద గడ్డం పెట్టింది. అప్పటికి దాని బరువు ఏముంది, తడిగుడ్డంత కూడా లేదు. ఆయన చదువుతున్న మంత్రం మధ్యలో ఆగిపోయింది. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో అది ఆగడం అదొక్కసారే. కాసేపటికి లోపలి నుంచే, "అమ్మా, బండి కట్టించు. మీరిద్దరూ కూడా రండి. అది నీ చేతి తిండికి అలవాటు పడ్డది," అన్నారు.

పిల్ల ఒళ్ళో దాన్ని పెట్టుకుని కూర్చుంది. తొలి వానలు పడి దారంతా బురద. పెదపాడు దాటి, బండి వెళ్ళగలిగినంత దూరం వెళ్ళి, కొల్లేటి గట్టున దిగాం. ఆ పెళ్ళికూతురి తండ్రి దోనె కట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి ఎదురొచ్చి, "మా దొంగని మాకే తెచ్చి అప్పగిస్తున్నారేంటండీ పంతులుగారూ," అన్నాడు నవ్వుతూ. ఆ తర్వాత పిల్ల ఒళ్ళోకి చూశాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

మామగారు దాన్ని తన చేతులతోనే నీళ్ళలో వదిలారు. కళ్ళ ముందు అంత నీరు. అవతలి గట్టు కనపడదు. అది పుట్టిన చోటు. అది రెండు బారలు ఈది, వెనక్కి తిరిగి వచ్చి, గట్టెక్కలేక ఆయన పంచె కొంగు పళ్ళతో పట్టుకుంది. మళ్ళీ వదిలారు. మళ్ళీ వచ్చింది.

"ఆకలి మీద ఉందండి, ముందు కాస్త తిననివ్వండి," అని అతను కుండలోంచి బతికున్న పరిగెలు తెచ్చి దాని ముందు గడ్డి మీద పోశాడు. చేపలు ఎగిరిపడుతున్నాయి. దాని ముక్కు కదిలింది. ఒళ్ళంతా వణికింది. ఒకదాన్ని నోటితో పట్టుకుంది. మా ఆడపడుచు నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందో, గాజు విరిగింది.

అది కొరకలేదు. ఆ చేపని పట్టుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ, బురదలో మామగారి దాకా వచ్చి, ఆయన పాదాల దగ్గర పెట్టింది. పెట్టి తల ఎత్తి ఆయన కళ్ళలోకి చూసింది.

ఆయన చేయి అలవాటుగా రొండిన మూట మీదకి పోయింది. పోయి అక్కడే ఆగిపోయింది.

తర్వాత ఆయన బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ చేపని తన వేళ్ళతో తీసి, దాని నోటికి అందించారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చేయి చేపని ముట్టడం అదే మొదటిసారి. "తిను తల్లీ," అన్నారు. అది వాసన చూసి, మొహం పక్కకి తిప్పుకుని, ఆయన వేళ్ళు నాకింది. నేను దగ్గరికి వెళ్ళి, రోజూ పళ్ళెం పెట్టేటప్పుడు అన్నట్టే "తిను" అన్నాను. నా వైపు చూసి, పళ్ళెం కోసం చుట్టూ చూసింది.

"మీరు ఎదురుగా ఉంటే తినదండి," అన్నాడు అతను. మామగారు లేచి, కిక్కిస దుబ్బు వెనక్కి కనపడకుండా వెళ్ళి నిలబడ్డారు. మేమూ బండి చాటుకి వెళ్ళాం. అది చేపలన్నీ అక్కడే వదిలేసి, ఆయన వెళ్ళిన దారినే పాకింది. సగం దారిలో ఆగిపోయింది. ఈల లాంటి ఆ చిన్న కూత కూసింది. మామగారు పరుగున వచ్చి ఎత్తుకున్నారు.

అతను తల వంచుకుని అన్నాడు. "అది మీ మాట దాటదండి."

అతను ఎత్తిపొడుపుగా అనలేదు. ఓదార్పుగానే అన్నాడు. అయినా ఆ మాట మామగారిని కొట్టినట్టు తగిలింది. నేను చూశాను.

పొద్దు వాలకముందే, ఆయన చేతుల్లోనే పోయింది. గట్టున కాస్త మెరకలో అతను గొయ్యి తీశాడు. మా ఆడపడుచు మూటకట్టి తెచ్చిన గచ్చకాయలు అందులో వేసింది. తిరిగి వచ్చేటప్పుడు ఎవరం మాట్లాడలేదు. మాట్లాడింది బండివాడు. ఇల్లు చేరాక ఆ రాత్రే అతను వీధంతా చెప్పాడు, ప్రాణం పోతున్నా చేప ముట్టలేదని, పంతులుగారి పాదాలకి సమర్పించిందని. అతనూ చూశాడు కదా. చూసిందే చెప్పాడు. మర్నాడు పొద్దున్నకి మా అరుగు మీద జనం. దండాలు పెట్టేవాళ్ళు, అది తిరిగిన పెరటి మట్టి బొట్టు పెట్టుకునేవాళ్ళు. మామగారు పడమటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఆ తర్వాత ఆయన కాలవ రేవుకి వెళ్ళలేదు. నూతి దగ్గరే రెండు చెంబులు పోసుకునేవారు. రొండిన మూట మానేశారు. ఎవరైనా దాని ఉపవాసం గురించి పొగడబోతే, లేచి లోపలికి పోయేవారు. అదీ గొప్పకింద జమ అయింది. నిగర్వి అన్నారు. కాదు మొర్రో అని ఆయన బయటికి చెప్పలేకపోయారు. చెబితే ఎవరు వింటారు? అందరికీ ఆ కథ కావాలి.

నాతో ఒక్కసారి అన్నారు, పోయే ముందు సంవత్సరం, నేను మజ్జిగ ఇవ్వడానికి వెళితే. అప్పటికి తలుపు చాటు మర్యాదలు పోయాయి. గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నారు.

"తినవచ్చా అని నన్ను అడిగిందమ్మా. ఎప్పుడూ అడుగుతూనే ఉంది. తినమన్న రోజున నమ్మలేదు."

ఆయన చేతిలోంచి గ్లాసు తీసి కింద పెట్టాను.

మొన్న వేసవిలో మా ఆడపడుచు మనవరాలి పెళ్ళి దెందులూరులో జరిగింది. తాంబూలాల దగ్గర మళ్ళీ ఆ కథ ఎత్తారు. ఈసారి చెప్పింది ఎవరో అల్లుడు. చక్కగా చెప్పాడు. కథలో అది చనిపోయే ముందు తులసి తీర్థం కూడా తాగింది. విన్న ఒక చిన్నపిల్ల, అలాంటిది మనమూ ఒకటి తెచ్చి పెంచుకుందామని వాళ్ళ నాన్న భుజం పట్టుకుని ఊపింది. అందరూ మురిపెంగా నవ్వారు. తెద్దాంలే అన్నాడు తండ్రి.

మా ఆడపడుచు లేచి పెరట్లోకి వెళ్ళింది. తెల్లజుట్టు మనిషి, ఇంకా ఎనిమిదేళ్ళ పిల్ల లేచినట్టే లేచింది. నేను తన వెనకే వెళ్ళాను. తొట్టి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటోంది. కడిగినవే మళ్ళీ కడుక్కుంటోంది. నీళ్ళు దండగ చేస్తున్నావని నేను ఎవరినైనా కసురుతాను. ఆవిడని కసరలేదు. లోపల కథ అయిపోయినా పొగడ్తలు ఇంకా వినపడుతున్నాయి.